ఎండిన ఏటి కింది నీరు: కర్నూలు, కడప నివాస ప్రాంతాల్లో నేల ద్రవీకరణ సమస్య – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

నీటితో నిండిన వదులు ఇసుకనేల భూకంప సమయంలో బలాన్ని కోల్పోయి ద్రవంలా ప్రవర్తించడాన్ని నేల ద్రవీకరణం అంటారు. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాలు భూకంప భయం తక్కువైన మండలంలో ఉన్నాయి. పైగా ఇది కరువుసీమ. ఈ రెండు కారణాల వల్ల ఇక్కడి ఇళ్లకు ఆ ప్రమాదంతో సంబంధం లేదన్న భావన స్థిరపడింది. ఆ భావన ఎలా ఏర్పడింది, ఈ సీమలో నేల పటిష్ఠీకరణ ఏయే సమస్యల చుట్టూ నడిచింది, సాధారణ నివాసగృహం పరీక్షకు వెలుపల ఎందుకు ఉండిపోయింది అన్న అంశాలను ఈ వ్యాసం చర్చిస్తుంది. ప్రమాదం రెండు జిల్లాలంతటా లేదు. ఏటి ఒడ్డున సన్నని పట్టీలకు, పూడ్చిన నేలలకు పరిమితమైన ప్రమాదం అది. అయితే ఊళ్లు పెరుగుతున్నది ఆ పట్టీల మీదికే అన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: నేల ద్రవీకరణం, నేల పటిష్ఠీకరణ, నల్లరేగడి, పెన్నా, చెయ్యేరు, పోరుమామిళ్ల శాసనం, భూకంప మండలాలు, కంకర స్తంభాలు.

1. ప్రవేశిక

వేసవిలో పెన్నా, పాపాఘ్ని, చెయ్యేరు నదులను దాటేవారికి కనిపించేది ఇసుక మాత్రమే. ఆ ఇసుకలోనే గ్రామస్థులు చెలమ తవ్వుతారు. రెండు మూడు అడుగుల లోతులో తడి తగులుతుంది, ఇంకాస్త తవ్వితే నీరు ఊరుతుంది. తరతరాలుగా రాయలసీమ దాహం తీర్చిన ఈ చెలమ భూసాంకేతిక శాస్త్రానికి కూడా ఒక సాక్ష్యం ఇస్తుంది. నది పైకి ఎండినా దాని ఇసుక లోపల నీటితో నిండే ఉంటుంది. వర్షపాతం తక్కువ కాబట్టి నేల పొడిగా ఉంటుందన్న అనుమానం పొలాల విషయంలో నిజం కావచ్చు. ఏటి ఇసుక విషయంలో అది నిజం కాదు.

ద్రవీకరణానికి మూడు షరతులు ఒకేచోట కలవాలి. మొదటిది, బంకమన్ను పెద్దగా కలవని వదులు ఇసుక లేదా సన్నని ఒండ్రు. రెండవది, దాని రేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండి ఉండటం. మూడవది, తగినంత బలంగా, తగినంతసేపు కుదుపు. కర్నూలు, కడపలలో మొదటి రెండూ ఎక్కడ ఉన్నాయో చెలమ తవ్వే మనిషికి తెలుసు. మూడవది అరుదు. అది అరుదు అన్న ఒక్క కారణంతోనే మొదటి రెండింటినీ పట్టించుకోకపోవడం ఇక్కడి ఆచారమైంది. ఈ రెండు జిల్లాలలో ద్రవీకరణ వల్ల ఇళ్లు కుంగిన ఉదంతం ప్రసిద్ధ భూకంప పట్టికలలో కనిపించదు. కనుక ఇక్కడ జరగవలసినది జరిగిపోయిన విపత్తు సమీక్ష కాదు, ఒక నిర్లక్ష్యం రూపుదిద్దుకున్న క్రమం మీద పరిశీలన.

2. ఊబి నుంచి ద్రవీకరణం దాకా

తెలుగులో 'ఊబి' అన్న మాట పాతది. కింది నుంచి నీరు పైకి ఉబుకుతున్నచోట ఇసుక కాలికి ఆధారం ఇవ్వదని ఏటి ఒడ్డు ప్రజలకు అనుభవపూర్వకంగా తెలుసు. ఆధునిక శాస్త్రం ఈ అనుభవానికి కారణం చెప్పింది. ఇసుక బలం రేణువు మీద రేణువు మోపే ఒత్తిడి నుంచి వస్తుంది. రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగిన కొద్దీ రేణువుల మధ్య ఒత్తిడి తగ్గుతుంది. 1925లో కార్ల్ టెర్జాఘీ జర్మన్‌లో ప్రకటించిన మృత్తికా యాంత్రికశాస్త్ర గ్రంథంతో ఈ ఆలోచనకు పునాది పడింది. అంతకు ముందే, 1918లో కాలిఫోర్నియాలోని కాలవెరాస్ ఆనకట్ట నిర్మాణదశలో జారిపోయినప్పుడు ఆలెన్ హేజెన్ ఆ ఘటనను వివరిస్తూ 1920లో ద్రవీకరణాన్ని సూచించే పదాన్ని వాడాడు. అక్కడ భూకంపం లేదు. నీటితో కలిపి పోసిన మట్టి తన బరువుకే బలం కోల్పోయింది.

ఊబిలో నీరు నెమ్మదిగా పైకి వస్తుంది. భూకంపంలో కుదుపుకు వదులు ఇసుక దగ్గరికి జరగాలని చూస్తుంది. మధ్యనున్న నీటికి క్షణాల్లో బయటికి పోయే దారి ఉండదు. బరువంతా నీటి మీద పడుతుంది. ఒత్తిడి పెరిగి, బీటల గుండా ఇసుకా నీరూ కలిసి పైకి చిమ్ముతాయి. పైనున్న ఇల్లు ఒరుగుతుంది, నేలలో పాతిన తేలికైన తొట్లు పైకి తేలుతాయి.

భారతదేశంలో ఇది పెద్దయెత్తున నమోదైనది 1934 జనవరి 15 నాటి బిహారు–నేపాలు భూకంపంలో. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 1939లో వెలువరించిన నివేదిక ఉత్తర బిహారులో ఇళ్లు కూలడం కంటె కుంగడం, ఒరగడం ఎక్కువగా కనిపించిన విశాలమైన 'కుంగుబాటు పట్టీ'ని గుర్తించింది. నేడు ద్రవీకరణ పరిశోధకులు ఆ పట్టీని తొలి ఆధారాలలో ఒకటిగా చూపుతారు. అయినా అప్పట్లో ఆ పరిశీలన గృహనిర్మాణ నియమంగా మారలేదు. 1964లో అలాస్కా, నీగాతా భూకంపాల తరువాతనే ఈ అంశం ప్రపంచవ్యాప్తంగా ప్రత్యేక శాఖగా ఎదిగింది. నీగాతాలో కావగిషి-చో అపార్ట్‌మెంట్లు గోడలు పగలకుండానే వెనక్కి వాలిపోయాయి. అదే నగరంలో ముందుగానే కంపనాలతో కుదించిన ఇసుక మీద కట్టిన చమురు తొట్లు మెరుగ్గా నిలబడ్డాయి. నేలను ముందే సిద్ధం చేస్తే ఫలితం ఉంటుందని చూపిన ఉదాహరణ ఇది. 1971లో సీడ్, ఇద్రిస్ ప్రకటించిన సరళ పద్ధతి ఆ ప్రమాదాన్ని ముందుగా లెక్కించే మార్గం ఇచ్చింది.

3. పటంలో రాయలసీమ

దక్షిణ పీఠభూమి స్థిరమైన రాతిఫలకమన్న నమ్మకం మన ప్రమాణాలలోనూ ప్రతిఫలించింది. భారత ప్రమాణం ఐ.ఎస్. 1893 మొదటిసారి 1962లో వెలువడినప్పుడు పీఠభూమిలో ఎక్కువ భాగానికి భయం దాదాపు లేదన్నట్టే మండలాలు గీశారు. 1967 డిసెంబరులో కొయనా భూకంపం ఆ నమ్మకాన్ని కదిలించింది. అదే సంవత్సరం మార్చిలో ఒంగోలు ప్రాంతంలోనూ, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతంలోనూ సుమారు 5.5 పరిమాణంతో భూకంపాలు వచ్చాయి. 1970లో పటాన్ని ఐదు మండలాలుగా తిరగరాశారు. 1993 సెప్టెంబరు 30న లాతూరు జిల్లా కిల్లారిలో, అంటే అప్పటికి అత్యల్ప మండలంలో ఉన్న ప్రాంతంలో, వేలాదిమంది మరణించారు. ఫలితంగా 2002 సవరణలో మొదటి మండలాన్ని పూర్తిగా తొలగించి, దాన్ని రెండవ మండలంలో కలిపారు. కర్నూలుతోపాటు కడప జిల్లాలో అధిక భాగం ఈ రెండవ మండలంలోనే ఉంది.

పటం మారిన ప్రతిసారీ కారణం ఒకటే. 'ఇక్కడ రాదు' అనుకున్నచోట భూకంపం వచ్చింది.

ఈ సందర్భంలో చరిత్రకారులు గమనించవలసిన ఒక పాలనాపరమైన విషయం ఉంది. 1843 ఏప్రిల్ 1న బళ్లారి ప్రాంతంలో భూకంపం సంభవించింది. థామస్ ఓల్డ్‌హామ్ సంకలనం చేయగా 1883లో ప్రచురితమైన భారత భూకంపాల పట్టిక ఇటువంటి పాత కంపాలకు ప్రధానాధారం. బళ్లారి నేడు కర్ణాటకలో ఉన్నందున ఈ భూకంపాన్ని పొరుగు రాష్ట్రపు విషయంగా భావించడం కద్దు. అయితే అప్పటి బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని, ఆలూరు తాలూకాలు 1953లోనే కర్నూలు జిల్లాలోకి వచ్చాయి. దత్తమండలాల చరిత్రగా చూస్తే 1843 కంపం రాయలసీమ భూకంప చరిత్రలో భాగమే. జిల్లా సరిహద్దులు మారితే భూమి జ్ఞాపకం మారదు గాని, పరిశోధకుల జ్ఞాపకం మారుతుంది.

కిల్లారి విషయంలో మరొక మాట చెప్పాలి. అక్కడ ప్రాణాలు తీసింది ద్రవీకరణం కాదు, మట్టితో పేర్చిన మందపు రాతిగోడలు, వాటి మీది బరువైన మట్టికప్పులు. కర్నూలు, కడప గ్రామాల్లో నేటికీ మిగిలిన రాతి మిద్దెలు, చవుడు పరచిన కప్పులు అదే కోవకు చెందినవి. కాబట్టి ఈ సీమలో భూకంప భద్రత అంటే మొదట గోడ, కప్పు. ద్రవీకరణం ఆ తరువాతి స్థానంలో, కొన్ని చోట్ల మాత్రమే వస్తుంది. ఈ తారతమ్యాన్ని మరచి ద్రవీకరణాన్ని రాయలసీమ మహాప్రమాదంగా చిత్రిస్తే అదీ అశాస్త్రీయమే అవుతుంది.

అయితే ప్రమాణంలోని ఒక వాక్యం ఫలితాన్ని గమనించాలి. 2002 నాటి ఐ.ఎస్. 1893, నీటిమట్టం కింద ఉన్న వదులు ఇసుకకు ఉండవలసిన కనీస 'ఎన్' విలువలను సూచించింది. 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడుతుంటే గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి పట్టే దెబ్బల సంఖ్యే ఎన్ విలువ. రెండవ మండలం విషయంలో ఈ నియమాన్ని ముఖ్యమైన నిర్మాణాలకు మాత్రమే పరిమితం చేశారు. ఆసుపత్రి, ఆనకట్ట, విద్యుత్కేంద్రం ఆ పరిధిలోకి వస్తాయి. పెన్నా ఒడ్డున కట్టుకున్న రెండు గదుల ఇల్లు రాదు. 2016 సవరణ ద్రవీకరణ లెక్కింపు పద్ధతిని అనుబంధంగా చేర్చి ఇంజనీర్లకు మేలు చేసింది. కాని నేల పరీక్షే జరగని ఇంటికి ఆ అనుబంధం చేరదు.

4. పోరుమామిళ్ల శాసనంలో నేల

కట్టడానికి ముందు నేలను చూడాలన్న ఆలోచన ఈ సీమకు కొత్త కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గరి సంస్కృత శాసనం శక సంవత్సరం 1291, అంటే క్రీ.శ. 1369 నాటిది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఉదయగిరి రాజ్యాన్ని పాలిస్తూ ఈ చెరువును తవ్వించాడు. శాసనం దాన్ని అనంతరాజసాగరమని పేర్కొంటుంది. రెండేళ్లపాటు రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు పనిచేసినట్టు చెబుతుంది. కట్ట పొడవు 5000 రేఖాదండాలు, వెడల్పు 8, ఎత్తు 7 అని కొలతలు కూడా ఇస్తుంది.

సాగునీటి చరిత్ర రాసినవారు ఈ శాసనాన్ని పుణ్యకార్యంగా, విజయనగర పాలనాదక్షతకు గుర్తుగా పలుమార్లు ప్రస్తావించారు. దీనికి భూసాంకేతిక పఠనం కూడా సాధ్యమే. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలలో గట్టి మట్టిగల నేల ఒకటి, కుదురైన రాతికట్ట ఒకటి, నిర్మాణంలో నేర్పుగల పనివారు ఒకటి. పాథశ్శాస్త్రం, అంటే జలశాస్త్రం, తెలిసిన విద్వాంసుడు కూడా ఒక అంగమే. ఆరు దోషాలలో మొదట చెప్పింది కట్ట నుంచి నీరు ఊరడం, తరువాత చవుడునేల. చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటాన్ని కూడా దోషంగా లెక్కించడం శాసనకర్తల లోకజ్ఞతను చూపుతుంది.

ఇక్కడ భూకంపం ప్రస్తావన లేదు, ఉందని ఊహించనక్కరలేదు. నేల గుణాన్నీ నీటి నడకనూ కలిపి చూడాలన్న సూత్రం మాత్రం ఉంది. అది చెరువుకు వర్తించింది, ఇంటికి వర్తించలేదు. ఊళ్లో ఇల్లు కట్టేవారు గట్టినేల తగిలేదాకా పునాది తవ్వి, గరుసు పోసి, దిమ్మిసతో కొట్టేవారు. అది కూలీ చేతి అంచనా. రాజు కట్టే చెరువుకు శాస్త్రం, ప్రజ కట్టే ఇంటికి వాడుక అన్న ఈ విభజన తరువాతి శతాబ్దాలలోనూ కొనసాగింది. 1860వ దశకంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ చేపట్టిన కర్నూలు–కడప కాలువలోనైనా, స్వాతంత్ర్యానంతరం వచ్చిన శ్రీశైలం ఆనకట్టలోనైనా నేల పరిశోధనకు కేంద్రం నీటి కట్టడమే.

5. నల్లరేగడి చుట్టూ నడిచిన పరిశోధన

విలియం కింగ్ 1872లో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ స్మారికలలో కడప, కర్నూలు శిలాసముదాయాలపై సమగ్ర గ్రంథం ప్రచురించాడు. నేటికీ కడప బేసిన్ అధ్యయనం అక్కడినుంచే మొదలవుతుంది. క్వార్ట్‌జైట్లు, నాపరాళ్లు, సున్నపురాళ్లు, వాటి మధ్య కుందూ లోయలో పరచుకున్న నల్లరేగడి ఆ పటంలోని ముఖ్యాంశాలు. రాయి తగిలినచోట పునాదికి చింత లేదు. నంద్యాల నుంచి ప్రొద్దుటూరు దాకా ఇల్లు కట్టేవారికి చింత రేగడితోనే. వర్షానికి ఉబ్బి, ఎండకు బీటలు వారే ఆ నేల గోడలను ఏటా పైకెత్తి కిందికి దించుతుంది.

స్వాతంత్ర్యానంతరం నేల పటిష్ఠీకరణ పరిశోధన ఈ సమస్య మీద కేంద్రీకృతం కావడం సహజమే. రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థ 1950వ దశకం నుంచి అడుగున గుబ్బలా వెడల్పయ్యే అండర్‌రీమ్డ్ పైల్స్‌ను అభివృద్ధి చేసింది. తేమ మారే లోతు దాటి, సుమారు మూడున్నర మీటర్ల కింద గుబ్బ ఉంటే ఉబ్బుదల ఇంటిని ఎత్తలేదు. బొంబాయి ఐ.ఐ.టి.లో ఆర్.కె. కట్టీ ఉబ్బని, బంధనశక్తిగల మట్టిపొరను రేగడి మీద పరిచే పద్ధతిని ప్రతిపాదించారు. కాలువల లైనింగ్‌లో అది బాగా వాడుకలోకి వచ్చింది. తెలుగు నేల మీద ఎ. శ్రీరామారావు, బి.ఆర్. ఫణికుమార్ కంకర స్తంభానికి మధ్యలో ఇనుప కడ్డీ అమర్చి, పునాదిని పట్టి ఉంచే లంగరుగా దాన్ని మలచే పరిశోధన చేశారు.

ఇవన్నీ విలువైన పనులు. ఇవన్నీ బంకనేల కోసం చేసిన పనులు కూడా. బాగా బంకగా ఉండే రేగడి ద్రవీకరించదు. దాని రేణువులను పట్టి ఉంచే బంధనశక్తి కుదుపుకు ఒక్కసారిగా పోదు. రేగడి మీద పెరిగిన ఇంజనీరింగు సంప్రదాయానికి ద్రవీకరణం ప్రశ్నగా తోచకపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

రేగడికి ప్రజలు వాడే ఒక మందు మాత్రం కొత్త చిక్కు తెస్తుంది. పునాది గుంతలో రేగడి తీసి ఇసుక నింపడం రెండు జిల్లాలలోనూ మామూలే. నీళ్లు పోస్తే ఇసుక కూర్చుంటుందని మేస్త్రీల నమ్మకం. నీళ్లతో ఇసుక కొంత దిగుతుంది నిజమే, కాని కుదింపు యంత్రం ఇచ్చే సాంద్రత రాదు. చుట్టూ నీరు ఇంకని రేగడి, మధ్యలో ఇసుక. వాననీరు, పంపుల కారుడు అంతా ఆ గుంతలో తొట్టిలోలాగా నిలుస్తుంది. రేగడి ఉబ్బు కోణంలో ఈ లోపాన్ని నిపుణులు ఎప్పుడో చెప్పారు. ద్రవీకరణ కోణంలో చూస్తే, సహజంగా ఆ ప్రమాదం లేని నేలలో వదులు ఇసుక, నిలిచిన నీరు అనే రెండు షరతులను ఇంటి యజమానే తన డబ్బుతో సమకూర్చుకుంటున్నాడు. పొర పలచన కాబట్టి ఇల్లు మునిగిపోదు. కాని ఒక మూల దిగడానికి, గోడ చీలడానికి అది చాలు. ఇసుకను అరడుగు పొరలుగా పోసి ఒక్కొక్క పొరను కుదిస్తే ఈ చిక్కే ఉండదు.

6. ఏటి ఒడ్డు, కొత్త ఇసుక

సహజమైన ద్రవీకరణ ప్రమాదం ఎక్కడుందో చెప్పడానికి యూడ్, పెర్కిన్స్ 1978లో ఇచ్చిన వర్గీకరణ ఉపకరిస్తుంది. ఒండ్రు వయసు ఎంత తక్కువైతే ప్రమాదం అంత ఎక్కువ. ఐదువందల ఏళ్లలోపు నదీగర్భంలో చేరిన వదులు ఇసుకను వారు అత్యధిక ప్రమాద శ్రేణిలో ఉంచారు. పాత ఒండ్రు కాలక్రమంలో కుదురుకుంటుంది, రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

ఈ కొలతతో చూస్తే ఇటీవలి రెండు వరదలు నేలచరిత్రలో కూడా భాగాలవుతాయి. 2009 అక్టోబరు మొదటివారంలో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పాతబస్తీని ముంచెత్తాయి. అప్పుడు శ్రీశైలానికి వచ్చిన ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లా రాజంపేట ప్రాంతంలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరద పైనుంచి పొర్లి తెగిపోయింది. పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్లలో ప్రాణనష్టం జరిగింది. ఇళ్ల మీద, పొలాల మీద ఇసుక మేటలు వేసింది.

వరద తీశాక మిగిలే మేట నిన్నటి ఇసుక. అంతకంటె వదులైన నేల ప్రకృతిలో అరుదు. ఏటి పక్కన ఉన్నందువల్ల దాని కింద నీటిమట్టం దూరంగా ఉండదు. వరద బాధితులకు ఇల్లు తిరిగి కట్టడం ఎంత అవసరమో, మేట మీద కడుతున్నామా, మేట తీసి పాతనేల మీద కడుతున్నామా అని చూడటం అంతే అవసరం. పునరావాసంలో ఇంటి వైశాల్యం, ఖర్చు, గడువు చర్చకు వస్తాయి. ఇంటి కింది మూడు మీటర్ల నేల చర్చకు రాదు.

కడప జిల్లాలో నేల కుంగిందనగానే చాలామందికి గుర్తొచ్చేది వేరు. 2015 చివర భారీ వర్షాల తరువాత చింతకొమ్మదిన్నె మండలంలో పొలాల్లో, ఇళ్ల దగ్గర వలయాకారపు గుంతలు పడ్డాయి. ప్రజలు భూకంపమేమోనని భయపడ్డారు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ నిపుణులు వచ్చి పరిశీలించారు. అది సున్నపురాతి నేలల లక్షణం. బెలుం గుహలను తొలిచిన ప్రక్రియే అక్కడా పనిచేసింది. లోపల రాయి కరిగి ఏర్పడిన ఖాళీల మీది మట్టి, భూగర్భజలం అడుగంటాక ఆధారం కోల్పోయి, వాన నీటితో బరువెక్కి లోపలికి జారింది. ద్రవీకరణానికీ దీనికీ కార్యకారణ సంబంధం లేదు. నివారణ కూడా వేరే. గుహ ఉన్నచోట కంపనాలతో కుదింపు చేపడితే మేలు కంటె కీడు ఎక్కువ. 'నేల కుంగింది' అన్న ఒకే తెలుగు మాట కింద రేగడి ఉబ్బు, సున్నపురాతి గుంత, ఇసుక ద్రవీకరణం అనే మూడు వేరు వేరు వ్యాధులు దాగి ఉన్నాయి.

7. ఒకే స్తంభం, రెండు పనులు

ద్రవీకరణ నివారణకు నేల పటిష్ఠీకరణ స్థూలంగా మూడు దారుల్లో పనిచేస్తుంది. ఇసుకను కుదించి దట్టం చేయడం ఒకటి. నీటికి బయటికి పోయే దారి కల్పించడం మరొకటి. సిమెంటు వంటి బంధకంతో రేణువులను కట్టిపడేయడం మూడవది. 1977లో సీడ్, బుకర్ ఇసుకనేలలో కంకర స్తంభాలను నిలువు మురుగుదారులుగా వాడే పద్ధతిని గణితంతో నిరూపించారు. తెలుగువారైన ఎం.ఆర్. మాధవ్, జె.ఎన్. అర్లేకర్‌తో కలిసి 2000లో ఆక్లాండ్‌లో జరిగిన 12వ ప్రపంచ భూకంప ఇంజనీరింగు సదస్సుకు ఇచ్చిన పత్రం ఈ చర్చకు ముఖ్యమైన చేర్పు చేసింది. దట్టంగా దిమ్మిస కొట్టిన కంకర కుదుపుకు వ్యాకోచించాలని చూస్తుంది. అప్పుడు స్తంభంలో నీటి ఒత్తిడి తగ్గి, చుట్టుపక్కల ఇసుక నుంచి నీటిని లాక్కుంటుంది. స్తంభం మురుగుదారి మాత్రమే కాదు, కొంతసేపు పీల్చే గొట్టం కూడా.

ఒకే కంకర స్తంభం నంద్యాల రేగడిలో లంగరుగా, సిద్ధవటం ఏటి ఒడ్డున మురుగుదారిగా పనిచేయడం గమనార్హం. 2003లో భారత ప్రమాణాల సంస్థ కంకర స్తంభాలకు ఐ.ఎస్. 15284 మొదటి భాగాన్ని వెలువరించింది. సాంకేతికత దేశంలో ఉంది, దాన్ని ఎదిగించినవారిలో తెలుగువారూ ఉన్నారు. అయినా అది రేవులకు, చమురు తొట్లకు, రహదారి కట్టలకు పరిమితమైంది. యంత్రాన్ని తరలించే ఖర్చే ఒక చిన్న ఇంటి పునాది ఖర్చును మించిపోతుంది.

జపాన్ అనుభవం ఈ ఖర్చు ప్రశ్నను మరొక వైపు నుంచి చూపుతుంది. 2011 మార్చి 11 భూకంపంలో టోక్యో అఖాతం ఒడ్డున పూడ్చిన నేల మీద ఉన్న ఉరయాసు పట్టణంలో వేల ఇళ్లు ఒరిగాయి. ఇసుక స్తంభాలతో ముందే కుదించిన స్థలాల్లో నష్టం స్వల్పం. తరువాత ఒరిగిన కాలనీల కింద సిమెంటు గోడల జాలిని నిర్మించాలని పథకం వేశారు. ఒక వీధి నేల కింద గోడలు కట్టాలంటే ఆ వీధివారంతా ఒప్పుకోవాలి, ఖర్చులో వాటా వేసుకోవాలి. ఒప్పందాలు కుదరక పథకంలో అత్యధిక భాగం అమలు కాలేదు. న్యూజిలాండులో క్రైస్ట్‌చర్చ్ 2011 తరువాత సుమారు ఎనిమిది వేల ఇళ్ల స్థలాలను నివాసానికి పనికిరానివిగా నిర్ణయించి, ప్రభుత్వమే కొనుగోలు చేయవలసి వచ్చింది. అవి రెండూ సంపన్న దేశాలు. ఇళ్లు కట్టాక నేలను బాగుచేయడం అక్కడే అంత కష్టమైతే, ప్రొద్దుటూరులోనో కర్నూలులోనో అది సాధ్యపడుతుందని ఆశించలేం.

అందువల్ల ఈ సీమలో అర్థవంతమైన దశ ఒకటే. ప్లాట్లు విడగొట్టడానికి ముందు, స్థలమంతా ఒకరి చేతిలో ఉన్నప్పుడు. ఆ దశలో వదులు ఇసుకను రెండు మూడు మీటర్లు తవ్వి పొరలుగా తిరిగి కుదించడానికి రోడ్డు రోలరు చాలు. లోతు ఎక్కువైతే యంత్రాన్ని ఒక్కసారి తెచ్చి లేఅవుట్ అంతటా కంకర స్తంభాలు వేయవచ్చు. అదీ భారమైతే ఏటి పట్టీని పార్కుకో, తోటకో వదలవచ్చు. విడి ఇంటి యజమానికి మిగిలేది పునాదులన్నిటినీ కలిపే గట్టి దూలాలు లేదా తేలికపాటి రాఫ్ట్. అవి నేలను బాగుచేయవు, కాని ఇల్లు ముక్కలు కాకుండా ఒక్కటిగా దిగేలా చూస్తాయి.

ఈ నిర్ణయాలన్నీ నేల పరీక్ష మీద ఆధారపడతాయి. రాయలసీమలో పరీక్ష బోర్లు ఎక్కువగా వేసేది పనులకు అనువైన ఎండాకాలంలోనే. మే నెలలో ఏటి ఒడ్డున వేసిన బోరులో ఐదారు మీటర్ల దాకా నీరు తగలకపోవచ్చు. నివేదికలో నీటిమట్టం లోతుగా నమోదవుతుంది. ద్రవీకరణ లెక్కలో ఆ ఇసుక సురక్షితమని తేలుతుంది. నవంబరులో తుపాను వానల తరువాత అదే బోరులో నీరు మీటరు లోతుకు రావచ్చు. ఐ.ఎస్. 1893 లెక్కలో వాడవలసినది ఆ నవంబరు మట్టం. దానికి మరొక బోరు అక్కరలేదు. పక్కనున్న బావిలో వరద నీటి గుర్తు ఎక్కడుందో చూసి, ఆ ఊరి చెలమలు ఏ నెలలో ఎంత లోతున ఊరుతాయో అడిగి రాసుకుంటే చాలు.